తల ఊపులో ఉన్నదెంత, ప్రశ్నలో ఉన్నదెంత

వ్యక్తిత్వ వికాస తరగతుల్లోనూ, ఇంటర్వ్యూలకు తయారుచేసే కోచింగ్ సెంటర్లలోనూ, ఆఫీసుల్లో ఏడాదికోసారి మొక్కుబడిగా జరిగే శిక్షణ కార్యక్రమాల్లోనూ తప్పకుండా తెర మీదికి వచ్చే లెక్క ఒకటుంది. మనిషి ఎదుటివారికి చేరవేసే దానిలో మాటల వాటా 7 శాతమేననీ, గొంతు వాటా 38 శాతమనీ, తక్కిన 55 శాతమూ బాడీ లాంగ్వేజేననీ ఆ లెక్క చెబుతుంది. నేను కూర్చున్న అలాంటి ఒక తరగతిలో వక్త ఈ అంకెలు చూపించి, ఆ తర్వాత నలభై నిమిషాల పాటు కదలకుండా నిలబడి, కాగితంలోకి చూస్తూ ప్రసంగించాడు. ఆయన చెప్పినదాంట్లో మాకు అందిందేదైనా ఉంటే అది మాటల వల్లనే అందింది.

ఈ అంకెలు గాలిలోంచి పుట్టినవి కావు. లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ తన సహచరులతో కలిసి 1967లో ప్రచురించిన రెండు ప్రయోగాలు వీటికి ఆధారం. మొదటిదాంట్లో ఇష్టాన్ని సూచించేవి, అయిష్టాన్ని సూచించేవి, ఎటూ కానివి అయిన విడివిడి పదాలను రకరకాల స్వరాల్లో పలికించి, పలికిన మనిషి వైఖరి ఎలా ఉందో చెప్పమని వినేవారిని అడిగారు. రెండోదాంట్లో 'ఏమో, కావచ్చు' అనే అర్థం వచ్చే ఒకే ఒక్క ఇంగ్లీషు పదాన్ని మూడు స్వరాల్లో వినిపిస్తూ, మూడు రకాల ముఖకవళికలున్న ఫొటోలు చూపించారు. ఆ ఫొటోల్లో ఉన్నవి ముఖాలు మాత్రమే. చేతులు లేవు, నిలబడిన తీరు లేదు, నడక లేదు. అంటే బాడీ లాంగ్వేజ్‌కు 55 శాతం రాసిచ్చిన ప్రయోగంలో అసలు బాడీయే లేదు. మాటను, గొంతును, ముఖాన్ని ఒకే ప్రయోగంలో పెట్టి తూచిందీ లేదు. రెండు వేర్వేరు ప్రయోగాల ఫలితాలను తెచ్చి ఒక సూత్రంగా అతికించారు. మనుషులు తమ ఇష్టాయిష్టాల గురించి, మనోభావాల గురించి మాట్లాడుతున్నప్పుడు తప్ప ఈ సూత్రం వర్తించదని మెహ్రాబియనే తర్వాత స్పష్టంగా చెప్పారు. ఆ షరతు మాత్రం తెర మీదికి రాలేదు.

అయితే ఆ ప్రయోగాలలో పనికొచ్చే విషయం ఒకటి నిజంగానే ఉంది. మాట ఒక దారిన, ముఖమూ గొంతూ మరో దారిన పోతున్నప్పుడు, మాట్లాడే మనిషి మనసు ఎటుందో తేల్చుకోవడానికి జనం మాటను పక్కనపెడతారు. వంటింట్లో గిన్నెలు అవసరానికి మించిన చప్పుడుతో సర్దుతూ "నాకేం కోపం లేదు" అన్నవారి మాటను ఇంట్లో ఎవరూ నమ్మరు. కానీ "రేపు ఎనిమిది గంటల బస్సు కాదు, ఆరున్నర బస్సుకే బయల్దేరు, లేకపోతే రిజిస్ట్రారు ఆఫీసులో మన వంతు దాటిపోతుంది" అన్న సంగతిని ఎంత ప్రతిభావంతుడైన నటుడూ కనుబొమలతో చెప్పలేడు. మనోభావం ఎటు మొగ్గుతోందన్న ప్రశ్నకు వచ్చిన జవాబును విషయమంతటికీ జవాబుగా చదవడం వల్ల పుట్టిందే గొంతునూ బాడీ లాంగ్వేజ్‌నూ కలిపి చెప్పే ఈ తొంభై మూడు శాతం.

చిక్కు, మాటలు పోగా మిగిలినవాటన్నింటికీ పెట్టిన అశాబ్దికం (నాన్‌వెర్బల్) అన్న పేరులోనే మొదలవుతుంది. అశాబ్దికం అంటే శబ్దం లేనిదని అనిపిస్తుంది కానీ, ఇక్కడ ఉద్దేశించింది పదాలు లేనిదని మాత్రమే. గొంతు హెచ్చుతగ్గులు, నిట్టూర్పు, 'ప్చ్' అని నాలుకతో చేసే చప్పుడు, సమాధానానికి ముందు వచ్చే చిన్న విరామం ఇవన్నీ వినబడేవే అయినా అశాబ్దికం ఖాతాలోకే వస్తాయి. మరోవైపు, చడీచప్పుడూ లేకుండా చేతులతో, ముఖంతో నడిచే బధిరుల సంజ్ఞా భాష అశాబ్దికం కాదు. దానికి పదజాలం ఉంది, వాక్య నిర్మాణం ఉంది, కనుబొమల కదలిక కూడా అందులో వ్యాకరణంలో భాగమై ప్రశ్నను సూచించగలదు. అమెరికన్ సంజ్ఞా భాషకు పూర్తి భాషా నిర్మాణం ఉందని విలియం స్టోకో 1960లో నిరూపించేదాకా పండితులు కూడా దాన్ని మూగసైగలుగానే జమకట్టారు. మన దేశంలో భారతీయ సంజ్ఞా భాషకు ప్రత్యేకంగా పరిశోధన, శిక్షణ కేంద్రం ఢిల్లీలో ఏర్పడింది 2015లో. కాబట్టి చేయి కదిలినంత మాత్రాన అశాబ్దికమూ కాదు, నోరు మెదిలినంత మాత్రాన శాబ్దికమూ కాదు.

మరో సంగతి, ఒకే పేరు కింద కుక్కిన ఈ కదలికలన్నీ ఒకే పని చేయవు. అవునని తల ఊపడం, మాట్లాడుతూ చేతులు తిప్పడం, ఎదుటివారి మాట ఎప్పుడు ముగుస్తుందో కనిపెట్టడం, సిగ్గుతో ముఖం ఎర్రబడటం ఈ నాలుగూ నాలుగు వేర్వేరు యంత్రాంగాలు. వీటిలో మన రోజువారీ జీవితాన్ని అన్నింటికంటే ఎక్కువగా మోసేదీ, అందరికంటే తక్కువగా గుర్తింపు పొందేదీ మూడోది.

ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకరి మాట ముగియడానికీ రెండోవారి మాట మొదలవడానికీ మధ్య ఎంత ఖాళీ ఉంటుందో 2009లో పరిశోధకులు పది భాషల్లో కొలిచారు. అవునా కాదా అన్న తరహా ప్రశ్నలకు జవాబు రావడానికి పట్టిన సగటు వ్యవధి సెకనులో అయిదో వంతు, అంటే దాదాపు 200 మిల్లీసెకన్లు. జపనీయులు అందరికంటే త్వరగా, డేనిష్ వాళ్ళు అందరికంటే నిదానంగా బదులిచ్చారు గాని, ఆ తేడా కూడా అరసెకను లోపే. ఇందులో విడ్డూరం ఏమిటంటే, ఒక బొమ్మను చూసి దాని పేరు పలకడానికే మనిషికి దాదాపు 600 మిల్లీసెకన్లు పడుతుంది. మాట ముగిశాక జవాబు వెతుక్కోవడం మొదలుపెడితే 200 మిల్లీసెకన్లలో అందుకోవడం అసాధ్యం. వినేవారు ఎదుటి వాక్యం ఇంకా నడుస్తుండగానే అది ఎక్కడ ఆగుతుందో ఊహించి, తమ జవాబును నాలుక చివర సిద్ధంగా పెట్టుకుంటారు. ఈ పదింటిలో తెలుగు లేదు. కానీ జపనీస్‌లో లాగే మన భాషలోనూ క్రియ వాక్యం చివర వస్తుంది, ప్రశ్నను సూచించే దీర్ఘం ఆ క్రియ చివర వస్తుంది. 'వెళ్తావా' అన్న మాటలో ఆఖరి అచ్చు వినబడేదాకా అది ప్రశ్నో కాదో మాటను బట్టి తేలదు. అయినా మనం తడబడకుండా అందుకుంటున్నామంటే స్వరం ఎక్కడ లేచింది, చూపు ఎప్పుడు మన మీద నిలిచింది, చేయి ఎప్పుడు ఒడిలోకి దిగింది అన్నవాటిని లెక్కలోకి తీసుకుంటున్నాం కాబట్టే అనుకోవాలి. అడిగినవారు ఎదుటివారి కళ్ళలోకి చూస్తూ అడిగినప్పుడు జవాబు ఇంకా త్వరగా వచ్చిందని ఆ పరిశోధనలోనే, పదింటిలో తొమ్మిది భాషల్లో తేలింది.

ఈ లయ ఎంత సున్నితమైనదో తెలుసుకోవాలంటే డల్లాస్‌లో ఉన్న కూతురు గుంటూరులో ఉన్న తల్లికి వీడియో కాల్ చేసినప్పుడు వినాలి. నెట్‌వర్కులో అరసెకను ఆలస్యం చాలు. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు, "నువ్వు చెప్పమ్మా", "కాదు, నువ్వే చెప్పు తల్లీ" అనుకుంటూ మళ్ళీ ఇద్దరూ ఆగుతారు. పైగా కెమెరా తెరకు పైనుంటుంది, ముఖం తెర మధ్యలో ఉంటుంది. ఒకరి ముఖాన్ని ఒకరు చూస్తున్నంతసేపూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూస్తున్నట్టు కనబడరు. మాటలు చెక్కుచెదరకుండానే చేరుతున్నాయి. అయినా ఫోను పెట్టేశాక ఏదో వెలితి.

వినడం కూడా ఒక పనేనన్న సంగతి మన భాషకు ఎప్పుడో తెలుసు. 'ఊఁ కొట్టడం' అన్న మాట పుట్టింది అందుకే. పిల్లలకు కథ చెప్పే అమ్మమ్మ మధ్యలో ఊఁ వినబడకపోతే కథ ఆపేస్తుంది. బుర్రకథలో ఆ ఊఁనే ఇద్దరు మనుషుల ఉద్యోగంగా మార్చారు. కథకుడికి చెరో పక్కన నిలిచిన వంతలు తాన తందాన అంటూ, ప్రశ్నలు వేస్తూ, ఆశ్చర్యపోతూ జనం తరఫున ఊఁ కొడతారు. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో జానెట్ బావెలాస్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగం ఈ ఊఁ ఎంత బరువు మోస్తుందో చూపించింది. తృటిలో తప్పిన ప్రమాదాన్ని గురించి ఒకరు చెబుతుంటే రెండోవారు వినాలి. అయితే కొందరు శ్రోతలకు రహస్యంగా ఒక పని అప్పగించారు: చెప్పేవారి నోట 'టి' అనే ఇంగ్లీషు అక్షరంతో మొదలయ్యే పదం వచ్చినప్పుడల్లా మీట నొక్కాలి. ఆ శ్రోతలు మాటలను చాలా శ్రద్ధగానే విన్నారు, కథను వినలేదు. ఉలిక్కిపడాల్సిన చోట వాళ్ళ ముఖం ఉలిక్కిపడలేదు. దాంతో చెప్పేవారి కథే చెడిపోయింది, అందులోనూ ముఖ్యంగా ముగింపు. కొందరు దాన్ని అర్ధాంతరంగా తేల్చేశారు, కొందరు చెప్పిందే మళ్ళీ చెప్పారు, అది నిజంగా ఎందుకంత ప్రమాదమో సంజాయిషీ ఇచ్చుకున్నారు. ఫోనులో వేలు కదుపుతూ "నువ్వు చెప్పు, నేను వింటున్నా" అనే భర్తకో కొడుకుకో ఈ ప్రయోగం గురించి చెప్పాలనిపిస్తుంది గాని, చెప్పినా ఎవరు వింటారు.

పసిపిల్లలకు ఇది మాటకంటే ముందే తెలుసు. 1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ చేసిన ప్రయోగంలో తల్లి మొదట బిడ్డతో మామూలుగా ఆడి, తర్వాత రెండు మూడు నిమిషాలు ఏ కదలికా లేని ముఖంతో బిడ్డ వైపు చూస్తూ ఊరుకుంటుంది. నెలల పసికందు మొదట నవ్వి, చేతులు చాపి, కేకపెట్టి తల్లిని మళ్ళీ ఆటలోకి లాగాలని చూస్తుంది. కుదరకపోయేసరికి ముఖం తిప్పుకుంటుంది, ఏడుస్తుంది. తల్లి ఎక్కడికీ పోలేదు, కోప్పడనూ లేదు. బదులివ్వడం ఆపింది, అంతే.

చేతుల విషయానికొస్తే, వాటిని ఎదుటివారి కోసమే ఊపుతామని అనుకోవడం పూర్తిగా సరికాదు. ఫోనులో దారి చెప్పేవారు అవతలివారికి కనబడదని తెలిసీ "అక్కడ ఎడమకు తిరిగి" అంటూ చేయి తిప్పుతూనే ఉంటారు. పుట్టుకతోనే చూపులేని పన్నెండు మంది పిల్లలనూ, చూపున్న పన్నెండు మందినీ జానా ఐవర్సన్, సూసన్ గోల్డిన్-మెడో 1998లో పరిశీలిస్తే, చూపులేని పిల్లలు కూడా మాట్లాడుతూ చేతులు కదిపారు. వినేవారికీ చూపులేదని తెలిసినప్పుడూ కదిపారు. ఎవరి చేతులూ ఎన్నడూ చూడని పిల్లలు ఆ అలవాటును చూసి నేర్చుకున్నారనలేం. ఆలోచన మాటగా మారే దారిలోనే చేతికీ ఏదో పని ఉంది.

తల ఊపడం దీనికి పూర్తి విరుద్ధం. అది ఊరి కట్టుబాటు. బల్గేరియాలో తలను నిలువుగా ఊపితే కాదని, అడ్డంగా ఊపితే అవునని అర్థం. మన దగ్గర నిలువు, అడ్డం రెండూ ఉండగా మూడోది కూడా ఉంది: తలను ఒక భుజం వైపు, మరో భుజం వైపు మెల్లగా వాల్చడం. బయటి దేశాలవారిని తికమకపెట్టేది ఇదే. 'సరే', 'వింటున్నాను', 'అలాగే చూద్దాంలే' అన్న మూడింటిలో అది ఏదైనా కావచ్చు. ఆ తేడా వేగంలోనూ, కళ్ళలోనూ, అంతకుముందు ఏమి అడిగారన్న దానిలోనూ ఉంటుంది. దాన్ని మాట ఇచ్చినట్టుగా తీసుకొని పని పూర్తయిందనుకున్న విదేశీ మేనేజరు ఆ తర్వాత మోసపోయానని అనుకుంటాడు. నిజానికి మోసం చేసినవారెవరూ లేరు.

దూరం సంగతీ ఇంతే. అమెరికన్ మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో మనుషుల మధ్య దూరాలను వర్గీకరించి, ఒకటిన్నర అడుగుల లోపు ఆంతరంగికులకని, నాలుగడుగుల దాకా సన్నిహితులకని, పన్నెండు అడుగుల దాకా పనుల మీద కలిసేవారికని చెప్పారు. ఆ కొలతలు అమెరికా ఈశాన్య తీరంలోని మధ్యతరగతివారివని ఆయనే హెచ్చరించినా, వాటిని ప్రపంచానికంతటికీ చట్టంగా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించారు. సంక్రాంతి ముందురోజు ఆర్టీసీ బస్సులో ఆ కొలబద్దతో చూస్తే అరవై మంది ప్రాణస్నేహితులు కనబడతారు. కానీ కాస్త జాగ్రత్తగా చూస్తే, భుజాలు ఎంత ఒరుసుకుంటే చూపులు అంత దూరంగా, కిటికీలోకో ఫోనులోకో పోతుంటాయి. దగ్గరితనం పెరిగినకొద్దీ చూపు కలపడం తగ్గుతుందని మైకేల్ ఆర్గైల్, జానెట్ డీన్ 1965లోనే ప్రతిపాదించారు. దూరం కొలిచేది అడుగుల్లో ఒక్కటే కాదన్నమాట.

ఇక ముఖం చూసి మనసు చదవడం. మనుషుల భావప్రకటన జంతు పూర్వీకుల నుంచి సంక్రమించిందని డార్విన్ 1872లో వాదించాడు. 1960ల చివర పపువా న్యూ గినీలోని ఫోరే ప్రజలకు ఫొటోలు చూపించిన పాల్ ఎక్‌మన్, కొన్ని మూల భావాల ముఖాలు ప్రపంచమంతటా ఒకటేనని ప్రకటించారు. ఈ వాదం సినిమాల్లోకీ, పోలీసు శిక్షణలోకీ, చివరకు ముఖాన్ని చదువుతామనే సాఫ్ట్‌వేర్లలోకీ వెళ్ళింది. 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్ బృందం అప్పటిదాకా వచ్చిన వెయ్యికి పైగా అధ్యయనాలను వడపోసి చూస్తే, కోపం వచ్చినప్పుడు మనుషులు నొసలు ముడిచి గుర్రుగా చూసేది సగటున సుమారు 30 శాతం సందర్భాల్లోనే. తక్కిన సమయాల్లో నవ్వవచ్చు, ఏడవవచ్చు, మౌనంగా లేచి వెళ్ళిపోవచ్చు. నొసలు ముడిచినవారందరూ కోపంగానూ ఉండరు. ఎండలో నిలబడినా, లెక్క కుదరకపోయినా నొసలు ముడిపడతాయి. మన నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా విడదీసి, చెమట, గగుర్పాటు, వణుకు, గొంతు మారడం, రంగు వెలవెలబోవడం వంటి వాటిని అంగాల కదలికతో కలపకుండా సాత్త్వికంలో వేరే పెట్టింది. శిక్షణతో కదిలించగలిగేదీ, లోపలి నుంచి రావలసిందీ ఒకటి కాదని ఆ విభజన గుర్తించింది. అయితే సాత్త్వికం సైతం భావం ఉందని చెబుతుందే కాని, అది దేని గురించో చెప్పదు. అరచేతులు చెమట పట్టిన అభ్యర్థి అబద్ధమాడుతున్నాడో, ఉద్యోగం రాకపోతే ఇంటి అప్పు ఎలా తీర్చాలని భయపడుతున్నాడో అరచేతిలో రాసి ఉండదు.

అబద్ధాన్ని కనిపెట్టడంలో ఈ చదువు ఎంత బోలుగా తేలిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. చార్లెస్ బాండ్, బెల్లా డిపౌలో 2006లో 206 అధ్యయనాలను కలిపి, ఇరవై నాలుగు వేల మందికి పైగా ఇచ్చిన తీర్పులను లెక్కగట్టారు. అబద్ధాన్నీ నిజాన్నీ సరిగా వేరుచేయగలిగింది సగటున 54 శాతం సార్లు. నాణెం ఎగరేస్తే వచ్చేది 50. అబద్ధమాడేవారు కళ్ళలోకి చూడరన్న నమ్మకం అదే ఏడాది 75 దేశాల్లో చేసిన సర్వేలో అన్నింటికంటే విస్తృతంగా కనబడింది. ఆధారాలు మాత్రం ఆ నమ్మకాన్ని నిలబెట్టవు. మన సమాజంలో ఈ నమ్మకం చేసే హాని ప్రత్యేకమైనది. పెద్దల ముందు, టీచరు ముందు, అధికారి ముందు తల దించుకోవడం మర్యాద అని నేర్పి పెంచిన కుర్రాడిని ఇరవై రెండేళ్ళకు ఏసీ గదిలో ఇంటర్వ్యూకు కూర్చోబెట్టి, కళ్ళలోకి చూడలేదు కాబట్టి ఆత్మవిశ్వాసం లేదనో, ఏదో దాస్తున్నాడనో మార్కులు తగ్గిస్తారు. అమెరికాలో ఇదే నమ్మకం మీద ప్రభుత్వం భారీగా డబ్బు పెట్టింది. విమానాశ్రయాల్లో ప్రయాణికుల హావభావాలు చూసి అనుమానితులను గుర్తించే కార్యక్రమానికి 2007 నుంచి దాదాపు 90 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, అక్కడి ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2013లో ఆ పద్ధతి పనిచేస్తుందనడానికి ఆధారం లేదని తేల్చి, ఇకపై నిధులు పరిమితం చేయమంది.

సైగ మీద ఇంత అపనమ్మకం కలిగాక, అదే సైగ మీద ఒక మనిషి ప్రాణమో స్వేచ్ఛో ఆధారపడితే ఏం చేయాలి? ఈ ప్రశ్న మన న్యాయస్థానాల ముందుకు నూట నలభై ఏళ్ళ కిందటే వచ్చింది. 1885లో అలహాబాద్ హైకోర్టు పూర్తి ధర్మాసనం విచారించిన అబ్దుల్లా కేసులో, గొంతు కోయడంతో మాట్లాడలేని స్థితిలో ఉన్న బాధితురాలు అడిగిన ప్రశ్నలకు చేతిని కదిలించి అవుననీ కాదనీ జవాబిచ్చింది. 1872 నాటి సాక్ష్య చట్టంలోని 32వ సెక్షన్ చనిపోయిన మనిషి ఇచ్చిన రాతపూర్వకమైన లేదా 'వెర్బల్' వాంగ్మూలాన్ని అనుమతించేది. నోటితో పలకనిది వెర్బల్ ఎలా అవుతుందన్నది వాదన. చట్టం 'ఓరల్' (నోటితో చెప్పినది) అనలేదు, 'వెర్బల్' (మాటలతో కూడినది) అందని ధర్మాసనం గుర్తుచేసి, అడిగిన ప్రశ్నలనూ వాటికి వచ్చిన సైగలనూ కలిపి చూస్తే అది మాటల వాంగ్మూలమే అవుతుందని మెజారిటీ తీర్పు ఇచ్చింది. చేయి కదలిక ఒక్కటే ఏ వాంగ్మూలమూ కాదు. ఫలానావాడు చేశాడా అన్న ప్రశ్న దాని పక్కన చేరగానే అది పూర్తి వాక్యమైంది. శిక్షణ తరగతుల్లో నాన్‌వెర్బల్‌కు నూరుపాళ్ళ ఉదాహరణగా చూపించే సైగను న్యాయమూర్తులు వెర్బల్ అన్నారు. సరిగ్గానే అన్నారని నా అభిప్రాయం.

ఆ సూత్రాన్ని సుప్రీంకోర్టు 1994లో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన మీసాల రామకృష్ణన్ కేసులో మళ్ళీ పరిశీలించింది. తల ఊపులు, సైగల ఆధారంగా నమోదైన మరణ వాంగ్మూలం చెల్లుతుందని, దానికి సాక్ష్య విలువ ఉంటుందని చెబుతూ, ఆ విలువ ఎంతన్నది కొన్ని విషయాలను బట్టి ఉంటుందని కోర్టు వివరించింది: దాన్ని నమోదు చేసింది ఎవరు, వారి చదువు ఏమిటి, బాధితులు చేసిన సైగలు ఏమిటి, అడిగిన ప్రశ్నలు తేలికైనవా చిక్కుముడులా, ఆ సైగలు ఎంత స్పష్టంగా అర్థమయ్యేలా ఉన్నాయి. ఈ అయిదింటిలో సైగను గురించి అడిగేవి రెండే. తక్కిన మూడూ అడిగినవారి గురించి, వాళ్ళు అడిగిన ప్రశ్నల గురించి.